తిండికి పేచీ పెట్టే పిల్లలకు ఏం కొనాలి? అపోహలు – వాస్తవాలు

పిల్లల పోషకాహార నిపుణురాలిగా హైదరాబాద్‌లో నేను చూసే తల్లిదండ్రులలో ఎక్కువ మంది "మా పాప ఏమీ తినదండీ" అన్న మాటతోనే మొదలుపెడతారు. రెండేళ్లు దాటి ఆరేళ్లు నిండని పిల్లల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. పాప రోజూ ఏం తింటోందో రాసుకొని రమ్మనే ముందు, ఆ నెల కిరాణా బిల్లు, సూపర్‌మార్కెట్ బిల్లు తెచ్చి చూపించమని నేను అడుగుతాను. కంచం ముందు జరిగే గొడవలో పెద్ద భాగం అంతకు చాలా ముందే, సరుకులు సంచిలో పడేటప్పుడే, తేలిపోయి ఉంటుంది. డబ్బాలో ఉన్న క్రీమ్ బిస్కెట్ ఇవ్వనని రోజుకు నాలుగుసార్లు ఏడిపించడం కంటే, ఆ ప్యాకెట్ కొనకుండా ఇంటికి రావడం తల్లికీ బిడ్డకూ తేలిక. ఆ కొనుగోళ్ల విషయంలో నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: "అన్నం ఎలాగూ తినడు, కనీసం పాలో బిస్కెట్లో కడుపులో పడితే చాలు."

వాస్తవం: పుట్టినప్పుడు ఉన్న బరువు ఏడాది నిండేసరికి సుమారు మూడింతలవుతుంది. ఆ తరువాత ఎదుగుదల వేగం సహజంగానే తగ్గి, రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు బిడ్డ ఏడాదికి దాదాపు రెండు కిలోల బరువే పెరుగుతుంది. కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది; ఒక పూట బాగా తిని మరో పూట రెండు ముద్దలతో లేచిపోవడం ఈ వయసులో మామూలే. ఇది తెలియక, తగ్గిన ఆకలిని పాలతో, బిస్కెట్లతో భర్తీ చేయబోతే, భోజనం వేళకు మిగిలిన ఆ కాస్త ఆకలి కూడా చచ్చిపోతుంది.

పాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. రెండు గ్లాసుల పాలు, అంటే 400 మిల్లీలీటర్లు, ఆ కాల్షియంలో చాలా భాగాన్ని ఇచ్చేస్తాయి. కానీ పాలలో ఇనుము నామమాత్రమే, పైగా పాలలోని కాల్షియం తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. రోజుకు లీటరు పాలు తాగి, పప్పూ కూరా ముట్టని బిడ్డ బొద్దుగానే కనిపిస్తూ రక్తహీనతతో ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అందుకే పాలు రోజుకు అర లీటరు దాటకూడదని, అవి కూడా భోజనానికి ముందు ఇవ్వకూడదని నేను గట్టిగా చెబుతాను. పాల ప్యాకెట్లు తగ్గించి, అదే డబ్బుతో గుడ్లు, పెసరపప్పు, పుట్నాలు, అటుకులు కొన్న ఇళ్లలో మధ్యాహ్నం అన్నం దగ్గర ఆకలి మళ్లీ కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: "పాలు ఊరికే తాగదు, హెల్త్ డ్రింక్ పొడి కలిపితే తాగుతుంది, బలం కూడా వస్తుంది."

వాస్తవం: మన ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న మాటకు నిర్వచనమే లేదు. పాలు, ధాన్యాలు, మాల్ట్‌తో చేసిన పానీయాలను ఆ పేరుతో ఉన్న విభాగంలో పెట్టి అమ్మవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది కూడా.

డబ్బా చేతిలోకి తీసుకొని, ముందువైపు ఉన్న బొమ్మను వదిలేసి, వెనుక ఉన్న పట్టిక చూడండి. చక్కెరలు మొత్తం ఎన్ని, వాటిలో విడిగా కలిపినవి ఎన్ని అన్న రెండు అంకెలూ 100 గ్రాముల లెక్కన అక్కడ ఉంటాయి. ఒక పొడిలో కలిపిన చక్కెర 35 గ్రాములు అని ఉందనుకుందాం. కంపెనీ చెప్పినట్టు 20 గ్రాముల పొడి వేస్తే గ్లాసుకు 7 గ్రాములు, రెండు పూటలకు 14 గ్రాములు. అది చాలదన్నట్టు అమ్మమ్మ గ్లాసుకు మరో చెంచా పంచదార వేస్తే ఇంకో ఎనిమిది, తొమ్మిది గ్రాములు చేరతాయి. రెండేళ్లు దాటిన పిల్లలకు కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాములు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. అంటే బిడ్డ ఇంకేమీ తినకముందే, పాలతోనే ఆ హద్దు దగ్గరపడిపోయింది.

పొడి అలవాటైన బిడ్డకు ఒక్కసారిగా మాన్పిస్తే గ్లాసు తోసేస్తుంది. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. రుచి కావాలంటే చిటికెడు యాలకుల పొడి, కొంచెం ఖర్జూరం ముద్ద సరిపోతాయి. పాలు అసలే తాగకపోయినా కంగారు వద్దు, పెరుగన్నం కూడా పాలే. 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో వెయ్యికి పైనే. ఇడ్లీ పక్కన నువ్వుల పొడి, వారానికి రెండుసార్లు రాగి జావ ఉన్న ఇంట్లో పొడి డబ్బా అవసరం రాదు.

అపోహ: "గోధుమ, మల్టీగ్రెయిన్, రాగి అని రాసి ఉన్న బిస్కెట్లు, నూడుల్స్ పిల్లలకు మంచివి."

వాస్తవం: ప్యాకెట్ మీద ముందువైపు రాసేది అమ్ముడుపోవడానికి, వెనుక రాసేది చట్టం అడిగింది కాబట్టి. తయారీలో ఏ పదార్థం ఎక్కువ బరువు వాడారో అది జాబితాలో ముందు రావాలన్నది నిబంధన. ఏ పదార్థం పేరు చెప్పి ప్యాకెట్‌ను అమ్ముతున్నారో దాని శాతం కూడా రాయాలి. రాగి బిస్కెట్ అని పెద్ద అక్షరాల్లో ఉన్న ప్యాకెట్ తిప్పితే, మొదట మైదా, తరువాత పంచదార, ఆ తరువాత పామాయిల్, ఎక్కడో నాలుగో అయిదో స్థానంలో రాగి పిండి కనిపించడం అరుదేమీ కాదు. మైదాను ఒక్కోసారి "శుద్ధి చేసిన గోధుమ పిండి" అని రాస్తారు, అది చదివి గోధుమ పిండే కదా అనుకోకండి. చక్కెరకు కూడా మారుపేర్లు చాలా: లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్. ఒకే జాబితాలో వీటిలో మూడు కనిపిస్తే విడివిడిగా కొంచెం కొంచెమే అనిపించినా, కలిపితే అదే మొదటి పదార్థం కావచ్చు. బ్రౌన్ బ్రెడ్ రంగు కూడా చాలాసార్లు కారమెల్ రంగే, జాబితాలో 150 అన్న అంకెతో కనిపిస్తుంది. నూడుల్స్‌లో, చిప్స్‌లో సోడియం అంకె చూడండి. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఎంత ఉప్పో తెలుస్తుంది.

పీచు విషయంలో మాత్రం లేబుల్‌ను కొంత నమ్మవచ్చు. పీచు ఉన్నదని చెప్పుకోవాలంటే 100 గ్రాములకు కనీసం 3 గ్రాములు, సమృద్ధిగా ఉన్నదనాలంటే 6 గ్రాములు ఉండాలని నిబంధన ఉంది.

ఈ లెక్కలన్నీ చేసే ఓపిక లేనివారికి నేను ఇచ్చే సలహా ఒకటే. జాబితాయే అక్కర్లేని సరుకు కొనండి. పుట్నాలు, మరమరాలు, అటుకులు, పేలాలు, ఉడికించుకునే పచ్చి వేరుశనగలు, అరటిపండు. ఇవన్నీ వీధి చివర కిరాణా కొట్టులోనో పళ్ల బండి దగ్గరో దొరుకుతాయి. అయిదేళ్లు నిండని పిల్లలకు వేరుశనగ గింజలు గాని, పుట్నాలు గాని, ద్రాక్షపండ్లు గాని పూర్తిగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. గింజలను పొడి కొట్టి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి.

అపోహ: "పండు తినదు కాబట్టి జ్యూస్ ప్యాకెట్ ఇస్తున్నాం."

వాస్తవం: పండు రసంగా మారితే పీచు పోతుంది, చక్కెర మిగులుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు జ్యూస్ అసలే వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వారికి తప్పదనుకుంటే రోజుకు 125 మిల్లీలీటర్లు మించవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకొని మందుల దుకాణాల్లో అమ్ముడైన తీపి పానీయాలపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడరాదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. విరేచనాలకు ఇచ్చే అసలు ఓఆర్ఎస్ ద్రావణం లీటరులో 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది. ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. మన పిల్లల మేలు కోసం ఒక వైద్యురాలు అంత పట్టుదల చూపినందుకు నాకు ఎంతో గౌరవం.

అపోహ: "పంచదార మానేసి బెల్లం, తేనె వాడుతున్నాం, ఇక పరవాలేదు."

వాస్తవం: బెల్లంలో కూడా అత్యధిక భాగం చక్కెరే. ఇనుము ఉంది నిజమే, కానీ రోజుకు చెంచాడు బెల్లంతో వచ్చేది లెక్కలోకి రాదు. పల్లీ చిక్కీ, నువ్వుండ, సున్నుండ మంచివి కావడానికి కారణం వాటిలోని పల్లీలు, నువ్వులు, మినుములు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి, అది ప్రమాదకరం.

అపోహ: "ఖరీదైన యాపిల్, బ్రౌన్ గుడ్డు, ఓట్స్ కొంటేనే మంచి పోషణ."

వాస్తవం: యాపిల్‌ను తప్పుపట్టను, ఇష్టపడితే తిననివ్వండి. కానీ విటమిన్ సి కోసమైతే జామపండు దగ్గర యాపిల్ నిలవదు. 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, యాపిల్‌లో అయిదారు కూడా కష్టం. ఆ విటమిన్ సి పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది కాబట్టి, మధ్యాహ్నం తోటకూర పప్పు తిన్న బిడ్డకు వెంటనే జామ ముక్కలు ఇవ్వడం ఖర్చులేని మంచి పద్ధతి. గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, లోపలి మాంసకృత్తుల్లో తేడా ఉండదు. ఒక గుడ్డుతో సుమారు 6 గ్రాములు వస్తాయి. నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజంతటికీ కావలసింది 16 గ్రాములు. బ్రౌన్ గుడ్డుకు పెట్టే అదనపు డబ్బుతో ఇంకో రెండు మామూలు గుడ్లు కొంటే నేను ఎక్కువ సంతోషిస్తాను.

అపోహ: "బీరకాయ ఒకసారి ఉమ్మేశాడు, వాడికి ఇష్టం లేదు, కొనడం దండగ."

వాస్తవం: కొత్త రుచిని అనుమానించడం ఈ వయసు లక్షణం. ఒక కొత్త కూరను బిడ్డ ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు చూడడం, తాకడం, నాలుకకు తగిలించుకోవడం అవసరం కావచ్చు. చాలామంది తల్లులు మూడోసారికే ఆపేస్తారు. అది వారి తప్పు కాదు, అరకిలో కూర వండి పారేయడం ఎవరికైనా బాధే. అందుకే కొనే పరిమాణం మార్చమంటాను. ఇంటిల్లిపాదీ తినే కూరే వండి, అందులోంచి చెంచాడు, బిడ్డకు బాగా అలవాటైన పదార్థం పక్కన పెట్టండి. పెరుగన్నం తప్ప ముట్టని బిడ్డకు మొదట పెరుగన్నంలోనే తురిమిన క్యారెట్ కొంచెం, కొన్నాళ్లకు తురిమిన కీర దోస, ఆపైన దానిమ్మ గింజలు. కంది పొడి, నెయ్యి ఇష్టమైన బిడ్డకు ఆ పొడిలోనే ఎండబెట్టిన మునగాకు, మొదట రంగు మారనంత తక్కువగా. తినమని బతిమాలడం, తింటే చాక్లెట్ ఇస్తాననడం రెండూ వద్దు. ఆ బేరంలో చాక్లెట్ విలువ పెరుగుతుంది, కూర విలువ తగ్గుతుంది.

బిడ్డను వెంట తీసుకెళ్లండి, సూపర్‌మార్కెట్‌కు కాదు, రైతుబజారుకు. సూపర్‌మార్కెట్‌లో చాక్లెట్లూ చిప్సూ పిల్లల కంటికి అందే ఎత్తులోనే పేర్చి ఉంటాయి. రైతుబజారులో అలాంటి పేచీ తక్కువ. "ఈ రోజు ఏం కొందాం?" అని అడగకుండా, "దొండకాయా, బెండకాయా?" అని రెండింటిలో ఒకటి ఎంచుకోనివ్వండి. ఏరి సంచిలో వేసుకున్న బెండకాయలను ఇంటికి వచ్చాక తనే కడిగి, పొడి గుడ్డతో తుడవనివ్వండి. ఆ రోజు తినకపోయినా సరే, చేతితో పట్టుకోవడం కూడా ఆ లెక్కలో ఒకసారి కిందే వస్తుంది.

అపోహ: "కొవ్వు పదార్థాలు పిల్లలకు కూడా తగ్గించాలి."

వాస్తవం: రెండేళ్లలోపు పిల్లలకు కొవ్వు తీసిన పాలు ఇవ్వకూడదు. తక్కువ తినే పిల్లలకు ముద్దలో చెంచా నెయ్యి ఉపయోగపడుతుంది. తగ్గించాల్సింది ప్యాకెట్‌లోని వేపుడు నూనె.

అపోహ: "ఆకలి పుట్టించే టానిక్ కొంటే సరిపోతుంది."

వాస్తవం: అలాంటి చాలా సిరప్‌లలో ఉండే సైప్రోహెప్టాడిన్ నిజానికి అలర్జీ మందు. దానితో మగత వస్తుంది. ఆకలి పెరిగినా, అది మందు వాడినన్ని రోజులే. డాక్టర్ రాయకుండా మందుల దుకాణంలో అడిగి కొనవద్దు. బరువు తగ్గుతున్నా, గట్టి పదార్థం మింగలేక ప్రతిసారీ ఓకరిస్తున్నా, తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలినా, అది మామూలు పేచీ కాదు, పిల్లల వైద్యులకు చూపించాలి. టానిక్ సీసా కోసం పెట్టే డబ్బు ఆపి, ముందు అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్తనో అడగండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్, ఏడాది నిండిన పిల్లలకు నులిపురుగుల నివారణ మాత్ర ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.