పాముపొడ భోజనం

కోవూరు, ఇందుకూరుపేట వైపు వరి దుబ్బులు కమ్ముకున్నాక పాముపొడ తెగులు కోసం ఆకుల కొసలు వెతకడం దండగ. పంచె ఎగగట్టి మడిలో దిగి, నీటిమట్టానికి కాస్త పైన ఆకు తొడుగును చూడాలి. అక్కడ కోలగా, నీటిలో నానినట్టు ఒక మచ్చ ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని నడుమ ఎండుగడ్డి రంగుకు తిరిగి, అంచు గోధుమ రంగు తేలుతుంది. వేలితో నొక్కితే ఆ చోటు మెత్తగా తగులుతుంది. రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం అక్కడ భోజనం మధ్యలో ఉందన్నమాట.

దానికి నోరూ లేదు, పొట్టా లేదు. ఒంటినిండా సన్నటి పోగులే. పోగు గోడను దాటి లోపలికి పోగలిగేవి చక్కెరలు, అమైనో ఆమ్లాల వంటి చిన్న అణువులు మాత్రమే. అందుకని అరుగుదల అంతా ఒంటి బయటే కానిస్తుంది. ఎంజైములను మొక్క మీదికి స్రవించి, విరిగి వచ్చిన చిన్న అణువులను పీల్చుకుంటుంది.

మొక్క కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచేది పెక్టిన్. సాధారణంగా దాన్ని కోసే ఎంజైములే ముందు పనిలోకి దిగుతాయి. అతుకు వదిలితే కణజాలం మెత్తబడి, కణగోడల్లోని సెల్యులోజు, జైలాన్ అనే పొడవాటి చక్కెర గొలుసులు మిగతా ఎంజైములకు అందుతాయి. గట్టి సెల్యులోజు గొలుసు తెగి తెగి చివరికి గ్లూకోజు అవుతుంది. 1886లోనే జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ, స్క్లెరోటీనియా అనే మరో శిలీంధ్రం సోకిన మొక్కల రసం కణజాలాన్ని కరిగిస్తుందనీ, మరిగిస్తే ఆ గుణం పోతుందనీ చూపాడు. ఎంజైములు ప్రొటీన్లు, వేడికి చెడిపోతాయి.

ఇంత ప్రొటీను తయారుచేసి బయటికి పారబోయడం ఖర్చుతో కూడిన పని. చుట్టూ గ్లూకోజు పుష్కలంగా ఉంటే చాలా శిలీంధ్రాలు సెల్యులోజును కోసే ఎంజైముల తయారీని తగ్గించేస్తాయి. ఈ పొదుపు నాకు ముచ్చటగానే ఉంటుంది, పొలం నాది కాదు కాబట్టి.

మొక్క కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. తెగిన పెక్టిన్ తునకలను పసిగట్టి, ఎవరో గోడ తవ్వుతున్నారని గ్రహించి రక్షణకు దిగుతుంది. పెక్టిన్‌ను కోసే ఎంజైముకు అడ్డుపడే ప్రొటీన్లు కూడా మొక్కల్లో ఉన్నాయి.

అందుకేనేమో, బతికున్న కణం నుంచే తిండి లాగే శిలీంధ్రాలు అలికిడి చేయవు. మినుము మీద తెల్లగా పరుచుకునే బూడిద తెగులు ఈ కోవలోది. 2010లో బార్లీని పట్టే బూడిద తెగులు శిలీంధ్రపు జీనోము, అంటే దాని మొత్తం జన్యు సమాచారం, వెలువడినప్పుడు, మొక్క గోడలను కోసే ఎంజైముల జన్యువులు అందులో చాలా తక్కువగా కనిపించాయి. మొక్క చస్తే దానికి తిండి లేదు.

పాముపొడకు ఆ పట్టింపు లేదు. కోత అయ్యాక చచ్చిన కొయ్యకాళ్ల మీద కూడా బతకగలదు. గట్ల మీది గడ్డిజాతి కలుపునూ వదలదు. ఏదీ దొరక్కపోతే ఆవగింజంత గోధుమ రంగు గడ్డలుగా బిగుసుకుని మట్టిలో పడి ఉంటుంది. దమ్ము చేసినప్పుడు ఆ గడ్డలు నీటిపై తేలి, నాట్లు పడ్డాక కొత్త దుబ్బుల మొదళ్లకు చేరతాయి. గట్టు మీద గడ్డి పెరగనిచ్చి, యూరియా దండిగా చల్లి, ఆపైన మందు కొట్టే వాళ్లను చూస్తే, ఎవరికి మేత వేస్తున్నారో అడగాలనిపిస్తుంది.