టీచర్‌కు మార్కులు వేసేదెలా? 160 ఏళ్ల పేచీ

పనితీరు మదింపు అంటే టీచర్లు విసుక్కుంటారు కాబట్టి వాళ్లకు జవాబుదారీతనం గిట్టదని తేల్చేసేవాళ్లున్నారు. ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి ఓఈసీడీ, 2008లో 20కి పైగా దేశాల టీచర్లపై జరిపిన ‘టాలిస్’ సర్వే అలా చెప్పలేదు. మదింపు జరిగినవాళ్లలో నూటికి 83 మంది అది న్యాయంగానే ఉందన్నారు. అయితే, ఎంత బాగా పాఠం చెప్పినా గుర్తింపేమీ రాదని నలుగురిలో ముగ్గురు అన్నారు. అంటే కొలిచినందుకు కాదు, ఆ కొలత ఎందుకు పనికొస్తుందన్న దగ్గరే వాళ్ల బాధ.

పేచీ పాతదే. 1862లో ఇంగ్లండ్‌లో విద్యా వ్యవహారాలు చూసే రాబర్ట్ లో (Robert Lowe) అనే నేత ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ పద్ధతి తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షించేవాడు. తప్పినవాళ్ల మేరకు బడి గ్రాంటు తగ్గేది. చాలామంది టీచర్ల జీతం ఆ గ్రాంటు మీదే ఆధారపడేది. ఇంకేముంది, వాచకాన్ని బట్టీ పట్టించడమే బోధన అయిపోయింది. స్వయంగా ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ కూడా దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అయినా ఆ పద్ధతి పూర్తిగా పోవడానికి 30 ఏళ్లు దాటింది.

తర్వాత దానికి సరిగ్గా ఎదురు దారి ఒకటి వచ్చింది. హార్వర్డ్‌లో మోరిస్ కోగన్ బృందం రూపొందించిన ‘క్లినికల్ సూపర్‌విజన్’లో పరిశీలకుడు క్లాసుకు ముందు టీచర్‌తో మాట్లాడతాడు, క్లాసు చూస్తాడు, మళ్లీ కూర్చుని చర్చిస్తాడు. టీచర్లకు నచ్చేది ఇదే. కాకపోతే అంత తీరిక ఏ హెడ్మాస్టరుకు ఉంటుంది?

తీరిక లేని చోట మదింపు ఎలా తయారవుతుందో 2009లో అమెరికాలోని 12 స్కూల్ డిస్ట్రిక్టుల (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థల)పై వచ్చిన ‘విడ్జెట్ ఎఫెక్ట్’ నివేదిక చూపించింది. రెండే గ్రేడులున్న చోట్ల 99 శాతానికి పైగా టీచర్లకు ‘సంతృప్తికరం’ అని వచ్చింది. ఫలానాది మెరుగుపరుచుకోండి అన్న సూచన ఒక్కటీ రాలేదని సర్వేలో 73 శాతం మంది చెప్పారు. అందరూ పాసే, ఎవరికీ ఉపయోగం లేదు.

అమెరికా ప్రభుత్వం దీనికి వెతికిన మందు మళ్లీ 1862 నాటిదే. అదే ఏడాది ‘రేస్ టు ద టాప్’ పేరుతో 435 కోట్ల డాలర్లు ఆశ చూపి, టీచర్ మదింపును పిల్లల మార్కులకు ముడిపెట్టేలా రాష్ట్రాలను నడిపించింది. మార్కుల్లోని తేడాల్లో టీచర్ వాటా 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాలు చెబుతున్నట్టు 2014లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ గుర్తుచేసింది. 2015లో కొత్త చట్టం కేంద్రం ఒత్తిడిని తొలగించింది.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఈ గొడవ కోర్టుకెక్కింది. పిల్లల మార్కులను బట్టి టీచర్‌కిచ్చే స్కోరును లెక్కగట్టే ఫార్ములా ఒక ప్రైవేటు కంపెనీ వ్యాపార రహస్యం, తన స్కోరు సరైనదో కాదో చూసుకునే దారి టీచర్‌కు లేదు. 2017లో ఫెడరల్ జడ్జి ఈ అభ్యంతరంలో పస ఉందని విచారణకు అనుమతించాక డిస్ట్రిక్టు రాజీకి వచ్చింది. సరిచూసుకోవడానికి వీల్లేని స్కోరుతో ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయబోమని ఒప్పుకుంది.