ఎండ అణచిపెట్టే రోగనిరోధక శక్తి

ఎండలో తిరిగితే చర్మం నల్లబడుతుందని, కమిలిపోతుందని అందరికీ తెలుసు. అదే ఎండలోని అతినీలలోహిత కిరణాలు రోగనిరోధక శక్తిని కూడా కొంతకాలం అణచిపెడతాయన్న సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు. నన్నడిగితే ముందుగా చెప్పాల్సింది అదే.

ఇది ఎలుకల మీద ప్రయోగాల్లో బయటపడింది. అమెరికా శాస్త్రవేత్త మార్గరెట్ క్రిప్కే కొన్ని ఎలుకల మీద నెలల తరబడి ఈ కిరణాలు పడేలా చేస్తే వాటి చర్మంపై కణితులు వచ్చాయి. ఆ కణితి ముక్కల్ని, జన్యువుల్లో అచ్చం అలాంటివే అయిన ఆరోగ్యకరమైన ఎలుకలకు అమర్చితే చాలావరకు ఎదగలేదు. వాటి శరీరం కణితిని పరాయిదిగా గుర్తుపట్టి నాశనం చేసింది. ఈ ఫలితం 1974లో వెలువడింది. మరి మొదటి ఎలుక ఎందుకు ఊరుకుంది? 1977లో మరో ప్రయోగం దీనికి జవాబిచ్చింది. కొంతకాలమే కిరణాలు సోకి, ఇంకా ఏ కణితీ రాని ఎలుకలకు ఆ ముక్క అమర్చి చూశారు. పెరిగిపోయింది! కణితి రాకముందే దాన్ని అడ్డుకునే శక్తి తగ్గిపోయిందన్నమాట.

మన చర్మం పైపొరలో కొమ్మలు చాచినట్టుండే లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. 1868లో వీటిని వర్ణించిన పాల్ లాంగర్‌హాన్స్ అప్పటికి ఇంకా వైద్య విద్యార్థే, ఇవి నాడీకణాలనుకున్నాడు. నిజానికి ఇవి కాపలా కణాలు. లోపలికొచ్చిన సూక్ష్మజీవి ఆనవాళ్లను పట్టుకుని లింఫు గ్రంథుల దాకా వెళ్లి, రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలైన టి-కణాలకు చూపిస్తాయి. ఎండ దెబ్బకు పైపొరలో వీటి సంఖ్య పడిపోతుంది. పైగా, దాడిని ఆపమనే రకం టి-కణాలు పెరుగుతాయి. దీనికంతటికీ మొదటి సంకేతాల్లో ఒకటి డీఎన్‌ఏకు తగిలిన దెబ్బ. చర్మం పై పొలుసుల్లో ఉండే యూరోకానిక్ ఆమ్లం కిరణాలు తగలగానే ఆకారం మార్చుకోవడం ఇంకొకటి.

గట్టి ఎండలో తిరిగొచ్చాక కొందరికి పెదవి అంచున నీటిపొక్కులు లేస్తాయి. వేడి చేసిందంటాం. చాలాసార్లు అది నాడుల్లో నిద్రాణంగా ఉన్న హెర్పిస్ వైరస్ మళ్లీ లేవడం. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో, ముఖ్యంగా తెల్లజాతివాళ్లలో, ఎండ తగిలే చోట చర్మ క్యాన్సర్లు మామూలు వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అలాగని ఇది శరీరం చేసే పొరపాటు అనలేం. ఎండకు దెబ్బతిన్న సొంత కణాల మీద శరీరం తిరగబడకుండా ఈ నిగ్రహం కాపాడుతుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది సరిగా లేనివాళ్లకు కాస్త ఎండ సోకితేనే దురద, దద్దుర్లు వస్తాయి. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థే చర్మం మీద రెచ్చిపోతుంది కాబట్టి, డాక్టర్లు 311 నానోమీటర్ల కిరణాలను కొలిచి ఇచ్చి దాన్ని శాంతింపజేస్తారు. లైట్ థెరపీ అంటే ఇదే.

మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఈ కిరణాల్ని చాలావరకు ఆపుతుంది, పూర్తిగా కాదు. పెదవుల్లో అదీ తక్కువే. ఇంకో మాట: వేసవిలో వేడి మూడు గంటలప్పుడు ఎక్కువ అనిపించినా, అతినీలలోహిత కిరణాల తీవ్రత పన్నెండున్నర ప్రాంతంలోనే హెచ్చు. ఒంటికి తెలిసే వేడిని బట్టి దాన్ని అంచనా వేయలేం. పెదవి పొక్కులు మాటిమాటికీ వచ్చేవాళ్లు ఆ వేళ బయటికెళ్తే టోపీ, సన్‌స్క్రీన్ ఉన్న లిప్ బామ్ వాడాలి.