గడ్డకి సూది వేస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందా?

"గడ్డని కెలికితే పాకుతుందట కదా?" గడ్డలోంచి సూదితో కణాలు తీసి పరీక్షించే మా పాథాలజీ ల్యాబ్‌లో ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఏమీ తెలియకుండా ఈ పుకారుని మోసుకొచ్చి వాళ్ల చెవిలో వేసేవాళ్ల మీదే.

కణం అంత తేలిగ్గా ఊడి వచ్చేది కాదు. రొమ్ము నాళాల్లోనైనా పేగు లోపలి పొరలోనైనా కణాలు పక్కవాటిని ప్రొటీన్లతో గట్టిగా పట్టుకుని, బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచటి పొర మీద ఉంటాయి. క్యాన్సర్ కణం ఇంకోచోటికి పోవాలంటే ఆ పట్టు వదిలించుకోవాలి, ఆ పొరని కరిగించుకుని దాటాలి, రక్తనాళంలోకి దూరాలి, అక్కడ రక్షక కణాల కంట పడకుండా బతకాలి, ఆపైన కొత్త అవయవంలో దిగి విభజన మొదలుపెట్టాలి. ఈ శక్తి దానికి డీఎన్‌ఏలో చేరిన మార్పుల వల్ల వస్తుంది, సూది వల్ల కాదు. ముదిరిన గడ్డలోంచి ఎవరూ ముట్టుకోకపోయినా కణాలు రక్తంలోకి జారుతూనే ఉంటాయి, వాటిలో చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. ఎఫ్‌ఎన్‌ఏసీకి, అంటే సన్న సూదితో కణాలు తీసి చూసే ఈ పరీక్షకి, మేం వాడే 23, 25 గేజ్ సూదుల మందం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు.

సూది దారిలో కణాలు నాటుకోవడం అసలు జరగదని అనను. కాలేయం గడ్డల్లో అరుదుగా చూస్తాం, వృషణంలో క్యాన్సర్ అనుమానం ఉంటే మామూలుగా సూది జోలికి పోకుండా ఆపరేషనే చేస్తారు. డాక్టర్లు అవన్నీ ఆలోచించాకే సూది పరీక్ష రాస్తారు. రొమ్ము, థైరాయిడ్ గడ్డలకీ మెడలో బిళ్లలకీ పరీక్ష వాయిదా వేస్తేనే నష్టం.

ఒకామె బంధువులు వద్దన్నారని నెలల తరబడి రొమ్ములో గడ్డతో తిరిగింది. స్లైడు చూస్తే ఫైబ్రోఎడినోమా, క్యాన్సర్ కాదు. ఆ మాట చెప్పగానే ఏడ్చేసింది, ఇన్నాళ్లూ రాత్రిళ్లు పిల్లల్ని ఎవరు చూస్తారా అని లెక్కలేసుకుంటూ పడుకునేదాన్నని చెప్పింది. అందరికీ ఇలా కలిసిరాదు. ఇంకొందరు గడ్డ చర్మం దాకా వచ్చాక వస్తారు, అప్పటికే జబ్బు పాకి ఉంటుంది, ఆ తర్వాత పరిస్థితి దిగజారితే ఇంట్లోవాళ్లు "సూది వేశాకే పెరిగింది" అంటారు. పుకారు బతికేది ఇలాగే.

కణాల గురించీ రిపోర్టు గురించీ జనం అడిగే మిగతా సందేహాలు గబగబా చెప్తాను. కేంద్రకం పెద్దదైతే క్యాన్సరేనా? కాదు, వాపు ఉన్నా, పుండు మానుతున్నా కేంద్రకం పెద్దదవుతుంది. మేం కణద్రవ్యంతో పోలిస్తే దాని సైజెంత, క్రొమాటిన్ (కేంద్రకంలో డీఎన్‌ఏ, ప్రొటీన్లు కలిసిన పదార్థం) ఎలా ఉంది, అంచు ఎలా మడత పడింది, అన్నీ కలిపి చూస్తాం. ప్రతి కణానికీ కేంద్రకం ఉండాలా? అక్కర్లేదు, ఎదిగిన ఎర్ర రక్తకణం అది లేకుండానే దాదాపు 120 రోజులు పనిచేస్తుంది. రిపోర్టులో "శాంపిల్ చాలలేదు" అని వస్తే ఏదో దాస్తున్నారని టెన్షన్ పడొద్దు. తేల్చి చెప్పడానికి సరిపడా కణాలు సూదిలోకి రాలేదని, అంతే. అది చూసి జబ్బు లేదనుకుని ఇంట్లో కూర్చోకండి, మళ్లీ ఎప్పుడు తీస్తారో ఆ రోజే అడిగి వెళ్లండి.