విదేశాల్లో బస్సు ప్రయాణం, నిరీక్షణ: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండటంతో మన ఊరి యువతీ యువకుల్లో చాలామంది తొలి బ్యాక్‌ప్యాకింగ్ యాత్రను అక్కడి నుంచే మొదలుపెడుతున్నారు. సింగపూర్‌లో దిగడం, బస్సుల్లో మలేసియా మీదుగా థాయ్‌లాండ్ దాకా వెళ్లడం. చక్కటి ఆలోచన. అలాంటి యాత్రలకు ప్రణాళిక వేసివ్వడమే నా వృత్తి. వాళ్లు రాసుకొచ్చే కాగితాల్లో టికెట్ల ధరలు పైసాతో సహా ఉంటాయి కానీ, నిరీక్షణకు ఒక్క గంట కూడా కేటాయించి ఉండదు. డబ్బు తక్కువ పెట్టి తిరిగేవాళ్లు ఆ తక్కువైన డబ్బుకు బదులు సమయం చెల్లిస్తారు. ఆ సమయాన్ని ముందే లెక్కలో వేసుకున్నవాళ్ల యాత్ర హాయిగా సాగుతుంది. నేను తరచుగా వినే అపోహలన్నీ ఈ లెక్క తప్పడం వల్ల పుట్టినవే.

అపోహ: సింగపూర్ నుంచి కౌలాలంపూర్ 350 కిలోమీటర్లే, అయిదు గంటల్లో చేరిపోతాం.

వాస్తవం: రోడ్డు మీద పట్టే సమయం అంతే. మధ్యలో ఉన్న జలసంధిని దాటడానికి ఎంత పడుతుందో మాత్రం ఏ టికెట్టు మీదా రాసి ఉండదు. సింగపూర్ వైపు సరిహద్దు అయిన ఉడ్‌లాండ్స్ దగ్గర వంతెన దారి పొడవు కిలోమీటరు చిల్లరే. అయినా శుక్రవారం సాయంత్రాల్లో, సింగపూర్ బడులకు సెలవులిచ్చినప్పుడు, చైనా నూతన సంవత్సరానికి, దీపావళికి అక్కడ గంటల తరబడి ఆగాల్సి వస్తుంది. బస్సు దిగడం కూడా ఒకసారి కాదు, రెండుసార్లు. మొదట సింగపూర్ వైపు పాస్‌పోర్టు తనిఖీ, మళ్లీ ఎక్కి వంతెన దాటాక మలేసియా వైపు తనిఖీ. రెండోచోట సామాను మొత్తం దించుకుని వెళ్లాలి.

భారత పాస్‌పోర్టుకు ఒక్కోసారి ప్రశ్నలు ఎక్కువ పడతాయి. తోటి ప్రయాణికులంతా ముందే బయటపడతారు. మనకోసం బస్సు ఆగి తీరాలన్న నియమం లేదు. చాలా సంస్థలు అదే టికెట్టుతో తమ తర్వాతి బస్సు ఎక్కనిస్తాయి కాబట్టి, దిగేముందు బస్సు నంబరును ఫోటో తీసుకోవాలి, టికెట్టు జేబులో ఉంచుకోవాలి, బ్యాగు రెండుచోట్లా వెంట తీసుకెళ్లాలి. మలేసియా డిజిటల్ ఆగమన పత్రాన్ని ప్రయాణానికి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. తిరుగు విమానం సింగపూర్ నుంచే అయితే మీ సింగపూర్ వీసా ఒక్క ప్రవేశానికా, పలు ప్రవేశాలకా అన్నది విశాఖలో ఉండగానే చూసుకోండి.

నేనైతే ఈ దారికి ఒక పూట మొత్తం కేటాయిస్తాను. ఆ సాయంత్రం కౌలాలంపూర్ నుంచి మరో బస్సుకో, విమానానికో టికెట్టు కొననివ్వను.

అపోహ: రాత్రి బస్సు ఎక్కితే ఒక రోజు హోటల్ ఖర్చు మిగిలినట్టే.

వాస్తవం: సగం నిజం. బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయ్ సుమారు 700 కిలోమీటర్లు, దాదాపు పది గంటల ప్రయాణం. మన హైదరాబాద్ రాత్రి బస్సుకు అలవాటుపడ్డవాళ్లకు ఇదేమంత కష్టం కాదు. కష్టమంతా తెల్లవారుజామున దిగాక మొదలవుతుంది. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. నిద్ర చాలని శరీరంతో ఏడెనిమిది గంటలు ఎక్కడ గడపాలి? బ్యాగు ముందే పెట్టుకోనిచ్చి, స్నానాల గది వాడుకోనిచ్చే హాస్టల్ ఏదో కనుక్కుని బుక్ చేస్తే ఈ బాధ సగం తీరుతుంది. వరుసగా రెండు రాత్రులు బస్సులో గడిపే ప్రణాళిక ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోను. మూడో రోజు వాళ్లు చూసేది ఊరు కాదు, పడుకోవడానికి చోటు.

ఇంకో మాట. థాయ్ బస్సుల్లో ఏసీ చలి గట్టిగా ఉంటుంది. ఉష్ణదేశమే కదా అని విశాఖ ఉక్కపోతలో సర్దిన బ్యాగులో ఉన్ని బట్ట ఒక్కటీ ఉండదు. లంబసింగికి వేసుకెళ్లే స్వెట్టరు ఇక్కడ పనికొస్తుంది.

అపోహ: వీసా చేతిలో ఉంటే ఏ సరిహద్దునైనా దాటవచ్చు.

వాస్తవం: దాటలేం. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఈ-వీసా ఇస్తోంది కానీ, అది చెల్లేది నిర్దేశించిన విమానాశ్రయాలు, ఓడరేవులు, సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర మాత్రమే. కంబోడియా రాజధాని నామ్‌పెన్ నుంచి వియత్నాంలోని హోచిమిన్ నగరానికి వెళ్లే బస్సులు దాటే మోక్ బాయ్ వాటిలో ఒకటి. ఊరూపేరూ తెలియని దారిలో చవక బస్సు ఎక్కేముందు ఆ జాబితా చూడాలి. ఈ మార్గంలో బస్సు సహాయకుడు అందరి పాస్‌పోర్టులూ పోగుచేసుకుని వెళ్తాడు. అది అక్కడి పద్ధతి, భయపడనక్కర్లేదు. తిరిగి చేతికి వచ్చాక ముద్ర, తేదీ సరిచూసుకోవడం మాత్రం మన పని.

అపోహ: విదేశాల్లో స్లీపర్ అంటే మన స్లీపరే.

వాస్తవం: వియత్నాంలో సాధారణంగా మూడు వరుసల్లో, రెండు అంతస్తుల్లో వాలు పడకలుంటాయి. కాళ్లు ముందు పడక కింది గూటిలో పెట్టాలి. పొడగరులకు ఇబ్బందే. చెప్పులు తలుపు దగ్గరే విప్పాలి.

అపోహ: బస్సు ఆలస్యమైతే ఓపిక పట్టడం తప్ప చేసేదేమీ లేదు.

వాస్తవం: ఐరోపా సమాఖ్యలో ప్రయాణికుడికి చట్టం అండగా ఉంది. 250 కిలోమీటర్లు, అంతకు మించిన మార్గాల్లో బస్సు రద్దయినా, బయలుదేరడం రెండు గంటలకు పైగా ఆలస్యమైనా, మరో ఏర్పాటు కావాలో టికెట్టు డబ్బు కావాలో ఎంచుకునే హక్కు మీదే. ఆ అవకాశమే ఇవ్వకపోతే టికెట్టు ధరలో సగం పరిహారం అదనం. మూడు గంటలు దాటే ప్రయాణానికి 90 నిమిషాలకు పైగా ఆలస్యమైతే తినడానికి ఏదైనా ఇవ్వాలి. అడగనివారికి ఇవేవీ వాటంతట అవి రావు. టికెట్టు దాచుకుని, ఆలస్యం చూపే బోర్డును ఫోటో తీసి, మర్యాదగా అడగండి. అక్కడి డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకుని తీరాలి. దారిలో ఆ ఆగడాన్ని ఆలస్యం కింద లెక్కపెట్టి తొందర చేయకండి. అది మీ ప్రాణాల కోసమే.

అపోహ: కాళ్లలో రక్తం గడ్డకట్టడం విమాన ప్రయాణికుల సమస్య.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుంటే బస్సులోనైనా, రైల్లోనైనా ఆ ముప్పు రెట్టింపవుతుంది. మామూలుగా ఆ ముప్పు చాలా స్వల్పం. అయినా ఆగిన ప్రతిచోటా దిగి నడవండి, నీళ్లు తాగండి.

అపోహ: ఆడపిల్ల ఒంటరిగా బస్సుల్లో దేశాలు తిరగడం కుదరదు.

వాస్తవం: తిరుగుతున్నారు, నిశ్చింతగా తిరిగి వస్తున్నారు. తల్లిదండ్రులు నన్ను బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందని అడుగుతారు. అడగాల్సింది ఎన్నింటికి చేరుతుందని. తెలియని ఊళ్లో వెలుతురు ఉండగా దిగే బస్సునే ఎంచుకోవాలి, దానికి కాస్త ఎక్కువ ఖర్చయినా సరే. పాస్‌పోర్టు, డబ్బు ఒంటి మీదే ఉండాలి, బస్సు కింద పెట్టే బ్యాగులో కాదు.

టికెట్టు కొనేటప్పుడు తేదీని రెండుసార్లు చదవండి. ఆదివారం 00:30 అని ఉంటే శనివారం రాత్రి భోజనం చేసి స్టేషనుకు బయలుదేరాలి. ఆదివారం రాత్రికి ఆ బస్సు వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయిపోతుంది.