ఇసుక ఈగల జన్యు బంధుత్వాలు: అపోహలు - వాస్తవాలు

లీష్మానియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే కాలా అజార్ (నల్ల జ్వరం) వంటి లీష్మానియాసిస్ వ్యాధులను వ్యాపింపజేసే ఇసుక ఈగలను సూక్ష్మదర్శిని కింద గుర్తించి, వాటి డీఎన్ఏను చదవడం నా వృత్తి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించని ఈ కీటకాలలో ఏది దేనికి దగ్గరి చుట్టమన్న విషయంలో, జీవశాస్త్రం చదివినవారిలో సైతం కొన్ని పొరపాటు నమ్మకాలు స్థిరపడిపోయాయి.

అపోహ: ఇసుక ఈగ అంటే ఒక రకం చిన్న దోమ.

వాస్తవం: రెండింటిలోనూ ఆడవే రక్తం పీలుస్తాయి, పోలిక దాదాపు అంతటితో సరి. దోమలది క్యూలిసిడే కుటుంబం, వీటిది సైకోడిడే. స్నానాల గది గోడలపై వాలే నూగు రెక్కల ఈగలు వీటికి దోమలకంటే దగ్గరి బంధువులు, అయితే అవి కుట్టవు.

అపోహ: చూడడానికి ఒకేలా ఉంటే జాతి కూడా ఒకటే.

వాస్తవం: నన్ను తరచుగా ఇబ్బంది పెట్టే నమ్మకం ఇదే. లట్జోమియా లాంగిపాల్పిస్ అనే పేరుతో దక్షిణ, మధ్య అమెరికాలలో పిలిచే ఈగను 1912లో వర్ణించారు. 1969లో మాంగబీరా అనే శాస్త్రవేత్త, బ్రెజిల్‌లో దొరికిన మగ ఈగల పొట్టపై కొన్నింటికి ఒక జత, మరికొన్నింటికి రెండు జతల లేత మచ్చలు ఉన్నాయని గమనించి, ఇవి వేర్వేరు కావచ్చునని సూచించారు. ఆ తరువాత మగవి విడుదల చేసే ఫెరోమోన్ల (జతను ఆకర్షించే వాసన పదార్థాల) రసాయన నిర్మాణాన్ని, జతకట్టేటప్పుడు రెక్కలు కంపింపజేస్తూ చేసే ధ్వనిని, ఆ ధ్వని లయతో ముడిపడిన పీరియడ్ అనే జన్యువును పరిశీలించినప్పుడు, ఒకే పేరు కింద పలు జాతులు దాగి ఉన్నాయని తేలింది. విచిత్రమేమిటంటే అన్ని చోట్లా మచ్చల లెక్క జాతుల లెక్కతో సరిపోలలేదు. ఒకే తీరు మచ్చలున్న ఈగలు వేర్వేరు ఫెరోమోన్లను విడుదల చేస్తున్న ప్రాంతాలున్నాయి. కంటికి కనిపించే గుర్తు మనకు దారి చూపవచ్చునే గాని, జతను ఎంచుకునే ఈగకు అది గీటురాయి కాదు.

అపోహ: ఒక్క జన్యువు చదివితే బంధుత్వం తేలిపోతుంది.

వాస్తవం: జాతిని గుర్తించే బార్‌కోడ్‌గా వాడే, మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యుఖండంలో సుమారు 658 డీఎన్ఏ అక్షరాలుంటాయి, అది త్వరగా, చవకగా చదవగలిగినది, అందుకే నేనూ మొదట దానినే చదువుతాను. కాని మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది కనుక, రెండు జాతులు ఎప్పుడో సంకరమై ఉంటే ఆ ఖండం తల్లివైపు కథను మాత్రమే చెబుతుంది. మొరాకోలోని ఫ్లెబోటోమస్ పెర్నిసియోసస్, ఫ్లెబోటోమస్ లాంగికస్పిస్ అనే సోదర జాతుల మధ్య మైటోకాండ్రియా చేతులు మారినట్టు ఆధారాలు దొరికాయి. జననేంద్రియాల ఆకారాన్ని బట్టి ఒక జాతికి చెందిన మగ ఈగ, మైటోకాండ్రియాను బట్టి రెండవ జాతిదిగా కనిపించగలదు. కాబట్టి కేంద్రక డీఎన్ఏలోని ఐటీఎస్2 వంటి ఖండాలను, మైక్రోశాటిలైట్లను (పదేపదే పునరావృతమయ్యే చిన్న డీఎన్ఏ ముక్కలను) కూడా చదవక తప్పదు. లట్జోమియా లాంగిపాల్పిస్, ఫ్లెబోటోమస్ పపటాసి ఈగల పూర్తి జన్యుక్రమాలు 2023లో ప్రచురితమయ్యాక ఈ పని కొంత సులువైంది.

అపోహ: దగ్గరి చుట్టాలన్నీ ఒకే వ్యాధిని మోస్తాయి.

వాస్తవం: సుమారు 1000 ఇసుక ఈగ జాతులలో లీష్మానియాను మోసేవి 100 లోపే. ఫ్లెబోటోమస్ పపటాసి పేగు గోడకు లీష్మానియా మేజర్ పరాన్నజీవి పైపొరలోని చక్కెర గొలుసులు అంటుకోగలవు, లీష్మానియా డొనొవాని నిలవలేదు. అదే ప్రజాతికి చెందిన ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ మాత్రం భారత ఉపఖండంలో ఆ డొనొవానినే మోస్తూ కాలా అజార్‌ను వ్యాపింపజేస్తున్నది. మరోవైపు, మధ్యధరా ప్రాంతంలో పెర్నిసియోసస్ మోసే లీష్మానియా ఇన్‌ఫాంటమ్, ఐరోపావాసుల వలసలతో అట్లాంటిక్ దాటి, దూరపు బంధువైన లాంగిపాల్పిస్‌లో స్థిరపడింది.

అపోహ: జాతి పేరు తెలిస్తే మందు పిచికారీకి అది చాలు.

వాస్తవం: ఒకే జాతిలోని స్థానిక సమూహాలూ ఒకటి కావు. బీహార్ అర్జెంటిపెస్ ఈగలలో, నాడీకణాలలోకి సోడియంను పంపే మార్గానికి చెందిన ప్రోటీనులో 1014వ స్థానాన్ని మార్చే ఉత్పరివర్తనలు (జన్యు మార్పులు) కనబడ్డాయి. డీడీటీ, పైరెథ్రాయిడ్లు అనే కీటకనాశకాలు రెండూ పనిచేసేది ఆ మార్గం మీదే కనుక, ఒక మందుకు అలవాటుపడిన సమూహంలో రెండవదీ బలహీనపడవచ్చు. ఈగల నమూనాలతో పాటు వాటిని పట్టిన ఊరి పేరు, ఇంటి లోపలా బయటా అన్న వివరం రాసి పంపమని నేను క్షేత్ర సిబ్బందిని పదేపదే అడిగేది ఇందుకే.