నెల రోజుల శాకాహారం, వీగన్ ప్రయోగం: అపోహలు - వాస్తవాలు

నెల రోజులు మాంసం మానేసి చూస్తాననో, పాలు గుడ్లు కూడా వదిలేసి పూర్తి వీగన్‌గా ఉంటాననో చెప్పేవాళ్లు డైటీషియన్‌గా నాకు తరచూ తగులుతుంటారు. జనవరిలో మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ నెలంతా వీగన్‌గా ఉండమనే వీగనువరీ ప్రచారం 2014లో బ్రిటన్‌లో మొదలై చాలా దేశాలకు పాకింది. ఈ ప్రయత్నం నాకు నిజంగా ఇష్టం. చిక్కల్లా నెల చివర్లో తీర్పు చెప్పేటప్పుడే వస్తుంది. బాగా గడిస్తే "ఇక జీవితాంతం ఢోకా లేదు" అంటారు, మొదటి వారం కడుపు ఉబ్బితే "ఇది నా ఒంటికి పడదు" అంటారు. రెండూ తొందరపాటే, ఎందుకంటే ఒంట్లో కొన్ని మార్పులు రోజుల్లో తెలుస్తాయి, కొన్ని వారాల్లో, కొన్ని ఏళ్లకు గానీ బయటపడవు. నెలలో తెలిసేవేవో, తెలియనివేవో విడదీసి చూసుకుంటే సగం అపోహలు వాటంతటవే పోతాయి.

అపోహ: నెల రోజులు హాయిగా ఉన్నాను, రిపోర్టు కూడా నార్మలే, కాబట్టి నాకు విటమిన్ బి12 లోపం రాదు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నిజంగా నష్టం చేసేది ఇదే. రక్తానికి, నరాలకు కావాల్సిన ఈ బి12ను తయారుచేసేది బ్యాక్టీరియా. మొక్కల్లో అది నమ్ముకోదగ్గ మోతాదులో దొరకదు. అయితే మాంసం, గుడ్లు, పాలు తింటూ వచ్చినవాళ్ల కాలేయంలో ఏళ్ల తరబడి సరిపోయే నిల్వ ఉంటుంది, అందుకే నెల తర్వాత రక్తపరీక్ష బాగానే వస్తుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 22 జతల కవలలతో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో జరిగింది కూడా ఇదే: వీగన్ ఆహారం తిన్నవాళ్లకు తిండిలో అందిన బి12 తగ్గింది, కానీ 8 వారాలకు రక్తంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆ రిపోర్టు చూపిస్తున్నది ఈ నెల తిన్న తిండిని కాదు, అంతకుముందు ఏళ్ల తిండిని.

ఆ నిల్వ తరిగేసరికి ఏమవుతుందంటే, ఆకుకూరలు, పప్పుధాన్యాల్లో ఫోలేట్ (రక్తకణాల తయారీకి కావాల్సిన ఇంకో బి విటమిన్) దండిగా ఉంటుంది కాబట్టి రక్తహీనత వెంటనే పైకి కనబడకపోవచ్చు, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూ పోవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు లాంటివి వచ్చేదాకా ఆగితే కొన్నిసార్లు ఆ నష్టం పూర్తిగా నయం కాదు. స్పిరులినా (నాచు లాంటి దాని పొడి) వాడుతున్నాను కదా అని కొందరంటారు. అందులో ఉండే బి12 లాంటి పదార్థంలో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాదు.

వీగన్‌గా కొనసాగాలనుకుంటే సప్లిమెంట్ గానీ, బి12 కలిపిన ఆహారాలు గానీ మొదటి నెల నుంచే అలవాటు చేసుకోండి. 1944లో ఇంగ్లండ్‌లో మొదలైన వీగన్ సొసైటీ కూడా ఈ మాట గట్టిగానే చెప్తుంది: రోజూ వేసుకునేదైతే కనీసం 10 మైక్రోగ్రాములు, వారానికోసారైతే కనీసం 2000. వారం మోతాదు అంత పెద్దగా ఎందుకంటే, మన పేగు ఒక్కసారికి రెండు మైక్రోగ్రాముల లోపే సరిగ్గా పీల్చుకోగలదు, ఆ పైన వేసుకున్నదాంట్లో సుమారు నూటికి ఒక వంతే లోపలికి వెళ్తుంది. ఎప్పటినుంచో శాకాహారులైనవాళ్లు ఇప్పుడు పాలు కూడా మానేస్తుంటే మీ నిల్వ ముందే తక్కువగా ఉండొచ్చు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర గానీ, ఎసిడిటీ మాత్రలు గానీ ఏళ్లుగా వేసుకుంటున్నా అంతే. మీరు మొదలుపెట్టే ముందే పరీక్ష చేయించుకోండి.

అపోహ: మాంసం లేకపోతే ప్రోటీన్ చాలదు, నీరసం ఖాయం.

నీరసం వచ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. వాళ్లు ఏం తిన్నారో రాయించి చూస్తే ఎక్కువ మందిలో కారణం ఒకటే: ప్లేట్లోంచి మాంసం తీసేశారు, ఆ స్థానంలో ఏమీ పెట్టలేదు. మిగిలిన అన్నమో, రొట్టో, కూరగాయలో తిని ఊరుకున్నారు. అక్కడ ప్రోటీనే కాదు, మొత్తం క్యాలరీలే తగ్గిపోతాయి, అలాంటప్పుడు నీరసం రాక ఏం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రోటీన్ అనేది ఎక్కువగా వాడే లెక్క, అంటే 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక కప్పు ఉడికించిన శనగల్లో, బీన్స్‌లో, మసూర్ పప్పులో సుమారు 14 నుంచి 18 గ్రాములుంటాయి. పూటపూటా పప్పుధాన్యమో, సోయానో, గింజలో ఉంటే ఆ లెక్క అందుకోవడం కష్టమేమీ కాదు. వయసు మళ్లినవాళ్లకు, గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు ఇంకొంచెం కావాలి.

ప్రోటీన్‌లో భాగాలైన అమైనో ఆమ్లాల్లో, ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుధాన్యాల్లో మెథియోనిన్ తక్కువ అన్నది నిజమే. కానీ రెండూ ఒకే పూట కలిపి తినాలని టెన్షన్ పడక్కర్లేదు. రోజు మొత్తం మీద రెండు రకాలూ తింటే శరీరమే సర్దుకుంటుంది.

అపోహ: మొదటి వారం గ్యాస్, కడుపుబ్బరం వచ్చాయంటే ఒళ్లు డీటాక్స్ అవుతోందన్నమాట. లేదా, ఈ తిండి నాకు సరిపడదన్నమాట.

రెండూ కావు. విషాలను బయటికి పంపే పని కాలేయం, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉంటాయి, అందుకు ప్రత్యేకంగా నెల అక్కర్లేదు. మీకు వచ్చింది పీచు ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చిన గ్యాస్, పెద్దపేగులోని బ్యాక్టీరియా ఆ పీచును పులియబెడుతోంది. బీన్స్ నానబెట్టి ఆ నీళ్లు పారబోసి మెత్తగా ఉడికించండి, తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి, నీళ్లు ఎక్కువ తాగండి. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.

అపోహ: పాలకూర బాగా తింటే ఐరన్, కాల్షియం రెండూ వచ్చేస్తాయి.

పాలకూర మంచిదే, కానీ ఈ రెండింటికీ దాన్నే నమ్ముకోకండి. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. పాలల్లోని కాల్షియంలో దాదాపు 30 శాతం మనకు ఒంటబడితే, పాలకూరలోది 5 శాతం దగ్గరే ఆగిపోతుంది. పాలు మానేసినవాళ్లు కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు (సోయా పనీర్), నువ్వులు, క్యాబేజీ జాతి ఆకులు, కాల్షియం కలిపిన సోయా పాలు చూసుకోండి (ఆ పాల డబ్బాను బాగా ఊపాకే పోసుకోండి, కలిపిన కాల్షియం అడుగుకు చేరిపోతుంది).

ఎముకల విషయం నెలలో తేలేది కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సుమారు 55,000 మందిని సగటున 17 ఏళ్లకు పైగా గమనించి 2020లో చెప్పినదాని ప్రకారం, వీగన్లలో ఎముకలు విరిగే ప్రమాదం మాంసాహారుల కంటే 43 శాతం ఎక్కువ. శరీర బరువు తక్కువగా ఉండటం, కాల్షియం, ప్రోటీన్ తక్కువ తినడం అందులో కొంత భాగానికి కారణాలు. దీన్ని చూసి భయపడి మానేయమని నేను చెప్పను, ఈ మూడింటినీ మొదటి రోజు నుంచే పట్టించుకోమంటాను.

ఐరన్ సంగతికొస్తే, మొక్కల్లోని ఐరన్ ఒంటబట్టడం కష్టం, కానీ భోజనంలో నిమ్మరసమో, క్యాప్సికమో, జామపండో ఉంటే సులువవుతుంది. టీ, కాఫీ భోజనంతో పాటు తాగితే అడ్డుపడతాయి, కనీసం గంట ఆగండి. నెలసరి ఎక్కువగా అయ్యే ఆడవాళ్లు మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకుంటే మేలు, ఎందుకంటే ముందు తగ్గేది నిల్వ, హిమోగ్లోబిన్ పడేది ఆ తర్వాతే.

అపోహ: సోయా తింటే మగవాళ్లలో హార్మోన్లు తారుమారవుతాయి.

మామూలుగా తినే మోతాదులో సోయా మగవాళ్ల టెస్టోస్టిరాన్‌ను తగ్గించదని అధ్యయనాలన్నిటినీ కలిపి చేసిన విశ్లేషణలు చెప్తున్నాయి. జాగ్రత్త పడాల్సింది థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు. మాత్ర ఒంటబట్టడానికి సోయా అడ్డం వస్తుంది, కాబట్టి రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. అన్నట్టు, పాలు, చేపలు రెండూ మానేస్తే అయోడిన్ కూడా తగ్గుతుంది, అయోడైజ్డ్ ఉప్పు వదిలేసి గులాబీ రంగు ఉప్పుకు మారడానికి ఇది సమయం కాదు.

అపోహ: డబ్బా మీద వీగన్ అని ఉంటే ఆరోగ్యకరమే.

చిప్స్, కూల్‌డ్రింక్స్ కూడా వీగనే. కొబ్బరినూనెతో చేసిన వీగన్ చీజ్‌లో సాచురేటెడ్ కొవ్వు ఎక్కువ, ప్రోటీన్ దాదాపు ఉండదు. ఇంకో ముఖ్యమైన మాట, పాల అలర్జీ ఉన్నవాళ్లు వీగన్ ముద్రను చూసి ధైర్యపడొద్దు. అదే యంత్రాల మీద పాల పదార్థాలు తయారైతే కొంచెం అంటుకుని ఉండొచ్చు, అలర్జీ హెచ్చరికను విడిగా చదవండి.

అపోహ: నెలలో ఏ మార్పూ కనబడదు.

కనబడుతుంది, ముఖ్యంగా ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌లో, అంటే చెడు కొలెస్ట్రాల్‌లో. కెనడాలో డేవిడ్ జెంకిన్స్ బృందం కొలెస్ట్రాల్ ఎక్కువున్న 46 మందితో సరిగ్గా నెల రోజులు చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. సోయా, బాదం, ఓట్స్ లాంటి జిగురు పీచు, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ ఒంటబట్టడాన్ని తగ్గించే మొక్కల పదార్థాలు) కలిపి తిన్నవాళ్లలో ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్న గుంపులో 30.9 శాతం, మామూలు తక్కువ కొవ్వు ఆహారంతో 8 శాతం. వాళ్లకు తిండిని లెక్కగా అమర్చి ఇచ్చారు, ఇంట్లో అంత రాకపోవచ్చు. మాత్రలు మానేయమని దీని అర్థం అసలే కాదు, కానీ మొదట్లో ఒకసారి, నెలకు ఒకసారి లిపిడ్ పరీక్ష చేయించుకోవడం దండగ కాదు. షుగర్ సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం నెలకే చేయించి నిరాశపడకండి, ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది రెండు మూడు నెలల సగటును చెప్తుంది.

అపోహ: తిండే కదా మారుస్తున్నది, డాక్టరుకు చెప్పేదేముంది.

ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు తిండి ఒక్కసారిగా మారితే షుగర్ పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు హఠాత్తుగా పెంచితే విటమిన్ కె వల్ల మందు పని తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పప్పుధాన్యాలు, పండ్లలోని పొటాషియం ఇబ్బంది పెట్టొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండి విషయంలో మానసిక సమస్యలు ఎదుర్కొన్నవాళ్లు ఒంటరిగా మొదలుపెట్టకండి, దయచేసి.

అపోహ: నెల మానేస్తే మాంసం అరిగించుకునే శక్తి పోతుంది.

పోదు. మాంసంలోని ప్రోటీన్‌ను, పప్పులోని ప్రోటీన్‌ను అరిగించేవి అవే ఎంజైములు, పెప్సిన్, ట్రిప్సిన్ లాంటివి, అవి నెల పొడవునా పనిచేస్తూనే ఉన్నాయి. తిరిగి మొదలుపెట్టినప్పుడు కొందరికి పొట్ట బరువుగా అనిపించడానికి ఎక్కువగా కారణం ఆ రోజు ఎక్కువ నూనెతో, ఎక్కువ మోతాదులో తినడమే. కొద్దిగా తినండి, బీన్స్, కూరగాయలను మాత్రం ప్లేట్లోంచి తీసేయకండి, పీచు ఒక్కసారిగా తగ్గితే మలబద్ధకం మొదలవుతుంది.